చదివేవాళ్లు కావాలి

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు, పేవ్‌మెంట్ మీద, పాత పుస్తకాలు పరుచుకుని ఉంటాయి. జీపీవో దగ్గర మొదలుపెట్టి ఒక్కో కుప్ప ముందు వంగుతూ లేస్తూ పోతే, నడుం పట్టేయడం ముందో జేబు ఖాళీ కావడం ముందో చెప్పలేం. పాత పుస్తకం చేతిలోకి తీసుకుంటే ముందు నా కళ్లు వెతికేది లోపలి చేతిరాతల్ని. ఎవరి పేరుంది, ఏ ఊరు, ఏ ఏడు, ఎవరు ఎవరికి కానుకగా ఇచ్చారు, ఇచ్చింది ఇక్కడిదాకా ఎట్లా వచ్చింది. ఈమధ్య ఒక కుప్పలో సి లాంగ్వేజ్ పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది, నాకు దానితో పనీ లేదు. కానీ మధ్యలో ఒక ప్రోగ్రాం దగ్గర ఎవరో పెన్సిల్ పెట్టారు. 'కంటే తక్కువ' అన్న గుర్తుకి పక్కన సమానం గుర్తు చేర్చి, మార్జిన్‌లో సన్నటి తెలుగు అక్షరాలతో "ఇట్లా లేకుంటే చివరి అంకె రాదు" అని రాశారు. అంతే. తతిమ్మా పుస్తకం అంతా శుభ్రంగా ఉంది.

ఆ చిన్న వాక్యం నన్ను వదల్లేదు. దిద్దుకోవడం వరకూ అర్థమవుతుంది, రేపు ల్యాబ్‌లో ప్రోగ్రాం ఆడాలి కాబట్టి ఎవరైనా దిద్దుకుంటారు. కారణం ఎందుకు రాసినట్టు? కారణం తనకు తెలుసు కదా. మనకి తెలిసినదాన్ని మనకోసం రాసుకోం. అంటే ఆ పుస్తకం తన చేతి నుంచి ఇంకెవరి చేతికో పోతుందనీ, ఆ మనిషి ఇక్కడికొచ్చి ఆగుతాడనీ, ఈ మార్పు ఎందుకు చేశారని అడుగుతాడనీ ఆ పెన్సిల్ పట్టుకున్నవాళ్లకి ఒక ఊహ ఉండి ఉండాలి. లేక ఇదంతా నేను అల్లుకుంటున్న కథేనా? ఏమో, మతిమరుపు మనిషి తనకోసమే రాసుకున్నాడేమో. కానీ ఒకటి మాత్రం నిజం. అదే ముద్రణలో వచ్చిన మిగతా ప్రతులన్నిటిలో ఆ తప్పు అట్లాగే ఉంది. ఖమ్మంలోనో కడపలోనో ఇంకో పిల్లవాడు అదే పేజీ దగ్గర తల గోక్కుంటూ, తప్పు తనదే అనుకుని ఉంటాడు. అబిడ్స్‌లో ఒక్క ప్రతి బాగుపడింది.

మా పై అంతస్తులో ఒక అమ్మాయి ఉంది, అబిడ్స్ దగ్గరి ఒక కాలేజీలో ఇంజినీరింగ్ మూడో ఏడు. ఆమెకి ఈ పెన్సిల్ సంగతి చెబితే నవ్వి, "అంకుల్, మేం చేసేది అదే కదా" అంది. విద్యార్థులకి ఓపెన్ సోర్స్ నేర్పే ఒక కార్యక్రమంలో ఆమె చేరింది. కొన్ని వారాలు సాగుతుంది, ఎక్కడో వేరే దేశంలో ఉన్న ఒక మెంటర్ దారి చూపిస్తాడు. నాకోసం మెట్ల మీదే కూచుని విడమరిచింది. ఒక సాఫ్ట్‌వేర్ కోడ్ అంతా అందరికీ కనబడేలా ఒక రిపోలో ఉంటుంది. అందులో ఏ తప్పున్నా ఎవరైనా 'ఇష్యూ' అని నమోదు చెయ్యొచ్చు. కొత్తవాళ్లు చేయగలిగినంత చిన్నవాటికి 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అని చీటీ తగిలిస్తారు. మనం ఆ రిపోకి మన సొంత నకలు తీసుకోవాలి, దాన్ని ఫోర్క్ అంటారు. మన నకలులో దిద్ది, ఏం దిద్దామో ఎందుకు దిద్దామో రాసి, అసలుదాంట్లో కలపమని అడగాలి. ఆ అడగడమే పీఆర్. దాన్ని చూసే పెద్దమనిషి మెయింటెయినర్. ఆయన ఒప్పుకుంటే మెర్జ్. ఒప్పుకున్నాక తరువాతి వెర్షన్ ఎవరు దించుకున్నా, ఖమ్మంలో అయినా కెన్యాలో అయినా, వాళ్లకి అందేది దిద్దిన ప్రతే. "మరి ఎందుకు దిద్దామో కూడా రాయాలా?" అని అడిగాను. "అది రాయకపోతే మా మెంటర్ ముట్టుకోడు అంకుల్" అంది.

ఆమె మొదటి పీఆర్ మెర్జ్ అయిన రోజు ఇల్లంతా మిఠాయి పంచినంత పనైంది. ఇంతకీ అందులో ఏముందయ్యా అంటే, వాడే పద్ధతి వివరించే పేజీలో ఒక ఆదేశం పాత వెర్షన్‌ది ఉండిపోయింది, కొత్తవాళ్లు అది కొడితే పని చేయదు. ఆ ఒక్క వరస మార్చింది. వాళ్ల నాన్నకి ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. ఆయన నింపాదిగా విని, "పైసలేమన్న ఇస్తరా బిడ్డా దీనికి?" అన్నాడు. "ఇది అట్ల కాదు నాన్నా" అందామె. ఎట్లానో చెప్పడం ఆమెకి రాలేదు. ఆయన ప్రశ్నలో తప్పేమీ లేదనిపించింది నాకు. పనికి కూలి అడగడం తప్పెట్లా అవుతుంది? పైగా ఆ సాఫ్ట్‌వేర్‌ని వాడుకునే కంపెనీలు పిల్లల దిద్దుబాట్లతో కలిపే లాభాలు చేసుకుంటున్నాయి కదా. ఈ సందేహం దగ్గరికి మళ్లీ రావాలి.

డబ్బులిచ్చేవీ ఉన్నాయి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005లో మొదలైంది. మొదటి ఏడు ఎంపికైన విద్యార్థికి 4,500 డాలర్లు, దారి చూపిన సంస్థకి 500 డాలర్లు. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, పద్దెనిమిది నిండిన కొత్తవాళ్లు ఎవరైనా రావచ్చని తలుపు ఇంకాస్త తెరిచారు. ఈ రంగంలోకి అంతగా రాలేకపోతున్న ఆడవాళ్లకోసం గ్నోమ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వాళ్లు మొదలుపెట్టిన కార్యక్రమం తరువాత ఔట్రీచీగా మారి ఇంకా నడుస్తోంది, అందులోనూ భృతి ఉంది. చాపెల్ రోడ్‌లో ఆడపిల్లల ఇంజినీరింగ్ కాలేజీ, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలోనే కమలా నెహ్రూ పాలిటెక్నిక్, వనితా మహావిద్యాలయ ఉన్న ఈ చుట్టుపక్కల, అట్లాంటి కబురు ఎందరి చెవిన పడుతోందో అని అటు వెళ్లినప్పుడల్లా అనుకుంటాను. సమ్మర్ ఆఫ్ కోడ్‌లో నాకు నచ్చిన ఏర్పాటు డబ్బు గురించినది కాదు. ఎంపికయ్యాక వెంటనే కోడ్ రాయనివ్వరు. మొదటి కొన్ని వారాలు 'కమ్యూనిటీ బాండింగ్' అని పక్కనబెడతారు. ఆ వారాల్లో చేయాల్సింది పాత చర్చలు చదవడం, కోడ్ చదవడం, అక్కడి మనుషుల తీరు తెలుసుకోవడం. కొత్త కోడలు మొదటి రోజే వంటగది సర్దడం మొదలుపెడితే ఎట్లా ఉంటుందో వాళ్లకి తెలిసినట్టుంది.

2005 ఎందుకో చిత్రమైన ఏడు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్‌ని రాసింది ఆ ఏప్రిల్‌లోనే. ఇవాళ పిల్లలు పీఆర్‌లు అంటున్నవన్నీ దాని మీద నిలబడ్డవే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ పుట్టింది కూడా ఆ రోజుల్లోనే. స్వేచ్ఛవాళ్లు జీఎన్‌యూ/లినక్స్‌ని తెలుగులోకి తెచ్చారు, మెనూలు, బొత్తాలు, హెచ్చరికలు అన్నీ తెలుగులో కనబడేలా. తరువాత ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌లు పెట్టించారు. లినక్స్ వాడేవాళ్ల బృందాన్ని పిల్లలు గ్లగ్ అనే అంటారు, నీళ్లు తాగిన చప్పుడులా. ఒకసారి అట్లాంటి శనివారం కూటం వెనక బెంచీలో కూచుని చూశాను. ల్యాప్‌టాప్‌లు వరసగా పెట్టి ఉన్నాయి, పెన్‌డ్రైవ్‌లు చేతులు మారుతున్నాయి, ఒకడి వైఫై పని చేయక ముగ్గురు సీనియర్లు వాడి తెర మీదికి వంగి గుసగుసలాడుతున్నారు. లెక్చరర్ ఒకాయన తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయాడు. పాఠం చెబుతున్నది రెండో ఏడు పిల్ల, వింటున్నవాళ్లలో ఆఖరి ఏడు వాళ్లున్నారు. మన కాలేజీల్లో ఆ దృశ్యం అరుదు. సీనియర్ ఒకడు చేయెత్తి "అది మళ్లీ చెప్పవా?" అని అడగడం ఇంకా అరుదు. ఈ పిల్లలే సెలవు రోజుల్లో బస్తీల్లోని కంప్యూటర్ కేంద్రాలకి వెళ్లి అక్కడి పిల్లలకి నేర్పినవాళ్లు. సిలబస్‌లో ఇదెక్కడా లేదు.

సంతోషంగా ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ 2020 అక్టోబరు అడ్డొస్తుంది. డిజిటల్ ఓషన్ అనే కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ నడుపుతోంది. ఆ నెలలో నాలుగు పీఆర్‌లు పంపినవాళ్లకి అప్పట్లో టీషర్ట్ ఇచ్చేవారు. ఆ ఏడు మన దేశపు యూట్యూబ్ పాఠం ఒకటి, టీషర్ట్ ఎంత సులువో చూపించడానికి, ఒక రిపో తెరిచి, దాని పరిచయ పేజీ రీడ్‌మీలో ఒక పొగడ్త మాట చేర్చి పంపింది. చూసినవాళ్లు చూసినట్టే చేశారు. ప్రపంచంలోని మెయింటెయినర్ల ముంగిట్లో అర్థంలేని పీఆర్‌లు వరదలా వచ్చి పడ్డాయి. నిర్వాహకులు వారం తిరక్కుండానే నియమం మార్చి, తమంతట తాము ఒప్పుకున్న రిపోలకే పరిమితం చేశారు. 2023లో టీషర్ట్ ఇవ్వడమే మానేశారు. సరే, బుద్ధొచ్చిందనుకుంటే 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే పేరున్న ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చమంటూ మన విద్యార్థుల పీఆర్‌లు గుంపులుగా వచ్చాయి. మళ్లీ ఒక పాఠమే కారణం, నేర్పేవాళ్లు ఉదాహరణకి ఆ రిపోని చూపించారు. వారసత్వ కట్టడం గోడమీద పేరు చెక్కే మన అలవాటు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ తరువాత ఇంకో ఆలోచన వచ్చింది. ఆ పిల్లలు చెడ్డవాళ్లా? చెప్పింది చెప్పినట్టు చేశారు. ఎల్‌కేజీ నుంచీ మనం వాళ్లకి నేర్పింది అదే కదా.

క్యాంపస్ ప్లేస్‌మెంట్ దరఖాస్తులో ఇప్పుడు గిట్ రిపోలు ఉంచే గిట్‌హబ్ సైటు లింకు అడుగుతున్నారు. అడగడం మొదలైన రోజునే అది అంకెగా మారిపోయింది. ఎన్ని మార్పులు నమోదు చేశారు, ఎన్ని పీఆర్‌లు, ప్రొఫైల్‌లో ఎన్ని ఆకుపచ్చ గళ్లు. కొన్ని కార్యక్రమాల్లో పీఆర్‌కి పాయింట్లు, పాయింట్లకి ర్యాంకులు, ర్యాంకులకి సర్టిఫికెట్లు. ఆ సర్టిఫికెట్ లింక్డ్‌ఇన్‌లో పెట్టడం, కింద 'కంగ్రాట్స్ బ్రో' అని వందమంది. అమీర్‌పేటలో కోర్సు చేసి సర్టిఫికెట్ పట్టుకుని అమెరికా వెళ్లిన తరం మనది, ఈ తరాన్ని వేలెత్తి చూపే అర్హత మనకెక్కడిది అని కూడా అనిపిస్తుంది. నౌకరీ కావాల్సిన పిల్లని "నిష్కామంగా దిద్దు తల్లీ" అనడం సుఖంగా స్థిరపడిన మనిషి మాట. అయినా లెక్కపెట్టే పద్ధతిలో ఒక లోపముంది. లెక్కకొచ్చేది రాసినది మాత్రమే. చదివినది ఏ అంకెలోనూ పడదు. మా పై అంతస్తు అమ్మాయి ఒక్క వరస మార్చడానికి ఆ ప్రాజెక్టు పేజీలు ఎన్నో రాత్రులు చదివింది. గిట్‌హబ్‌లో ఆమె పేరు పక్కన కనబడేది ఒక వరస తీసివేత, ఒక వరస చేర్పు.

నాంపల్లి వైపు నడిచినప్పుడు ఇంకో సంగతి తోస్తుంది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచిక వేశాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న ఒక మాట ఆయనని గుచ్చింది. వాదించి వ్యాసం రాసి ఊరుకోవచ్చు. ఆయన ఊరూరి నుంచి వివరాలు రప్పించి, 354 మంది కవుల్ని ఒకచోట కూర్చాడు. అందులో మహాకవులున్నారు, నాలుగు పద్యాలు రాసి ఊరుకున్న కరణాలూ పంతుళ్లూ ఉండి ఉంటారు. నాకు ఆసక్తి ఆ కవుల మీదకంటే ఆ బల్ల ముందు కూచున్న సంపాదకుడి మీద. వచ్చిన కాగితాలన్నీ చదవాలి, ఛందస్సు చూడాలి, ఒకరి పద్యం ఇంకొకరి పేరున రాలేదు కదా అని చూడాలి, కొందరిని వద్దనాలి, వద్దన్నందుకు తిట్లు పడాలి. మెయింటెయినర్ పని అంటే అదే. ఇవాళ ఆయన పేరుతో ఒక తెలుగు ఫాంట్ ఉంది, సిలికానాంధ్ర విడుదల చేసింది, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచుకోవచ్చు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఆనుకుని మొదలైన తెలుగు విశ్వవిద్యాలయానికీ ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. ఆ ఫాంటు లోపలి ఒత్తుల లెక్కల్ని తెరిచి చూసే పని ఆ విశ్వవిద్యాలయపు పిల్లలకీ ఇవ్వొచ్చు. తెలుగు చదువుకున్నవాళ్లకి కంప్యూటర్ పరాయిదన్న భ్రమ కొంత తొలగుతుంది.

ఈ ముచ్చట గతాన్ని ముస్తాబు చేయడం అవుతుందా అని అనుమానం లేకపోలేదు. ఆ రోజులన్నీ త్యాగమయం, ఈ రోజులన్నీ స్వార్థమయం అని రాసే వ్యాసాలు నాకు నచ్చవు. నాంపల్లి ఎగ్జిబిషన్, నుమాయిష్‌నే చూడండి. 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టారు. అందులో లెక్కలూ ఉన్నాయి, స్టాళ్ల అద్దెలూ ఉన్నాయి, టికెట్టూ ఉంది. ఆ డబ్బుతో కాలేజీలు నడిచాయి. డబ్బు తగిలితే పని మైలపడదు. పక్కనే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం 1901లో పుట్టింది, పుస్తకాలు వేసే విజ్ఞాన చంద్రికా మండలి 1906లో ఈ ఊళ్లోనే పుట్టి తరువాత మద్రాసు వెళ్లింది. అయితే అప్పటి పనులన్నీ నిలవలేదు. కొమర్రాజు లక్ష్మణరావు తలకెత్తుకున్న ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన పోవడంతో సగంలో నిలిచిపోయింది. ఒక మనిషి మీద ఆనిన పని ఆ మనిషితో ఆగింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియా అట్లా ఆగలేదు. మొదలుపెట్టినవారు పక్కకి జరిగినా ఇంకొకరు పట్టుకున్నారు, ఇప్పుడు లక్ష వ్యాసాలు దాటింది. అందులో నాలుగు ముక్కల వ్యాసాలు బోలెడు, తప్పులూ ఉన్నాయి. కానీ చూసినవాళ్లు దిద్దొచ్చు.

దిద్దే వీలు లేకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. ఐఫోన్‌కి 'జ్ఞా' అన్న తెలుగు అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో సందేశంగా వస్తే దాన్ని చూపించే యాప్ కుప్పకూలేది. ప్రపంచమంతా నవ్వుకుంది, కొంటె కుర్రాళ్లు కావాలని పంపుకున్నారు. ఆ అక్షరం రోజూ రాసే మనం ఏం చేయగలిగాం? ఎదురుచూశాం. ఆపిల్ వాళ్లు కొద్ది రోజుల్లోనే సరిచేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే తెలుగు ఒత్తు ఎట్లా కూర్చుంటుందో తెలిసినవాళ్లు ఇక్కడ కోట్లమంది ఉన్నా, తలుపు మూసి ఉన్న ఇంట్లో జరిగే మరమ్మతుకి వాళ్లు బయట నిలబడాల్సిందే. అక్షరాల్ని తెరమీద కూర్చే హార్ఫ్‌బజ్ లాంటి తెరిచిన కోడ్‌లో అట్లాంటి తప్పు వస్తే, అబిడ్స్‌లో కూచున్న పిల్ల కూడా ఇష్యూ రాయొచ్చు, ఎక్కడ తప్పిందో చూపించొచ్చు. పై అంతస్తు అమ్మాయి చేస్తున్న పనికి ఆమె నాన్న అడిగిన ప్రశ్నలో కొంత భాగానికి ఇది జవాబనుకుంటాను. పూర్తి జవాబు మాత్రం కాదు.

ఎందుకంటే, ఉచితంగా చేయించుకోవడం ఎక్కడ ఆగాలో ఎవరూ గీత గీయలేదు. 2023లో స్వేచ్ఛవాళ్లు చందమామ కథల పేరుతో తెలుగు కథలు అల్లే చిన్న భాషా నమూనా తయారుచేసినప్పుడు, వేలమంది ఇంజినీరింగ్ విద్యార్థులు కథల పాఠాన్ని సిద్ధం చేయడంలో చేయి వేశారు. ఫలితం తెరిచే ఉంచారు, కాబట్టి అది పిల్లల ఆస్తి కూడా. అదే పని తలుపు మూసిన కంపెనీ ఇంటర్న్‌షిప్ పేరుతో చేయిస్తే? సర్టిఫికెట్ ఒకటే, గుండ్రటి ముద్ర ఒకటే, పిల్లకి తేడా తెలియకపోవచ్చు. చేరేముందు లైసెన్సు ఏమిటని అడగడం నేర్పితే చాలావరకు తెలుస్తుంది. ఏ కార్యక్రమంలోనైనా మొదటి పాఠం గిట్ ఆదేశాలు అవుతుంది. నన్నడిగితే మొదటి పాఠం లైసెన్సు కాగితం. నేను రాసింది ఎవరిది, రేపు దాన్ని మూసేసే హక్కు ఎవరికుంది, ఈ రెండు తెలుసుకున్నాక మిగతా ఆదేశాలు పిల్లలు ఒక సాయంత్రంలో నేర్చుకుంటారు.

చదవడం అనే మాట ఇందాక దాటేశాను. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ వ్యవహారం తలచుకుంటే ఆ మాట మళ్లీ ముందుకొస్తుంది. ప్రపంచంలో లెక్కలేనన్ని లినక్స్ యంత్రాల్లో ఉండే చిన్న కుదింపు సాధనం అది. దాన్ని ఏళ్ల తరబడి ఒక్కడే చూసుకుంటూ అలసిపోయాడు. అప్పుడొక పేరు సాయానికి వచ్చింది. రెండేళ్లకి పైగా ఓపిగ్గా, మర్యాదగా, మంచి దిద్దుబాట్లు పంపింది. నమ్మకం కుదిరి తాళం చెవులు చేతికొచ్చాక లోపల దొంగతలుపు పెట్టింది. పిల్లలకి మనం చెప్పే సుగుణాలన్నీ, నిలకడ, వినయం, క్రమం, ఆ దొంగలో ఉన్నాయి. ఆ సంగతి చదివినప్పుడు నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పట్టుకున్నది ఎవరు? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేస్ ఇంజినీరు. తన యంత్రంలోకి లాగిన్ కావడానికి ఎప్పటికంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకను! మనలో ఎవరైనా అయితే నెట్ స్లో అనుకుని టీ తెచ్చుకునేవాళ్లం. ఆయన ఊరుకోలేక తవ్వుకుంటూ పోయాడు. తవ్వగలిగాడు, ఎందుకంటే కోడ్ తెరిచి ఉంది. తవ్వినవాడు ఒకడున్నాడు కాబట్టి తెరిచి ఉండటం పనికొచ్చింది. ఎందరు చూస్తే అంత భద్రం అని ఓపెన్ సోర్స్ వాళ్లు చెప్పుకునే ధైర్యంలో కనబడని మెలిక ఇదే, చూడటానికి వీలుండటం వేరు, ఎవరో ఒకరు నిజంగా కూచుని చూడటం వేరు.

పై అంతస్తు అమ్మాయి కార్యక్రమం ముగిసింది. సర్టిఫికెట్ వచ్చింది, వాళ్ల నాన్న దాన్ని లామినేట్ చేయించాడు. ఆ తరువాతే అసలు విషయం జరిగిందని నేననుకుంటాను. ఆమె మార్చిన ఆ వరస మీద ఎవరో బ్రెజిల్ నుంచి ప్రశ్న వేశారు, నా యంత్రంలో ఇది కూడా పని చేయట్లేదు అని. అప్పటికి కార్యక్రమంలో పాయింట్లు లేవు, ర్యాంకు లేదు, రెండ్రోజుల్లో సెమిస్టర్ పరీక్ష. జవాబివ్వకపోయినా అడిగేవాళ్లెవరూ లేరు. ఆమె ఆ మనిషి పంపిన ఎర్రర్ మొత్తం చదివి, తప్పు తను మార్చిన చోట లేదనీ, ఇంకో ఫైల్‌లో ఉందనీ పట్టుకుని, ఆ ఫైల్ చూసే మెయింటెయినర్‌కి కబురు పెట్టింది. తను ఒక్క అక్షరం కోడ్ రాయలేదు. "ఇది నా ప్రొఫైల్‌లో కనబడదు అంకుల్" అంది, ఫిర్యాదులా కూడా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. పరీక్ష ఎట్లా రాసిందో నేనడగలేదు.

అందుకే కార్యక్రమాలు నడిపేవాళ్లకి నాదొక విన్నపం. మొదటి నెల పీఆర్‌లు లెక్కపెట్టకండి. ఒక ప్రాజెక్టులో మూతబడ్డ పాత ఇష్యూల్ని చదివించి, ఏది ఎందుకు ఒప్పుకోలేదో వాళ్ల మాటల్లో రాయించండి, తెలుగులో రాసినా సరే. తోటి విద్యార్థి పీఆర్‌ని చదివి తప్పు చూపినవాళ్లకి, పీఆర్ పంపినవాళ్లకి ఇచ్చినంత గుర్తింపు ఇవ్వండి. కార్యక్రమం అయిపోయిన ఆర్నెల్లకి ఎవరు మిగిలారో ఒకసారి చూసుకోండి, అంతకు మించిన రిపోర్టు అక్కర్లేదు. ఇక కోడ్ రాని మనకి కూడా ఇందులో చోటుంది. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పేజీలు స్కాన్‌తోపాటు పక్కపక్కన పెట్టి ఉంటాయి. ఎవరూ సరిచూడని పేజీ ఎర్రగా ఉంటుంది, ఒకరు సరిచూస్తే పసుపు, వేరే ఇంకొకరు మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ. ఒకే మనిషి రెండుసార్లు చూసి ఆకుపచ్చ చేయడం కుదరదు. పసుపు రంగు పేజీలు బోలెడు రెండో మనిషి కోసం ఎదురుచూస్తున్నాయి. ఖాతా తెరవడానికి డబ్బు అక్కర్లేదు, తెలుగు చదవడం వస్తే చాలు. ఈ ఆదివారం ఒక పేజీ చూడండి.